నేను సినిమాలకు మార్కులు వేయను

పిల్లలూ!

పోయిన సెలవుల్లో మా ఇంట్లో ఒక తమాషా జరిగింది. ఈ నెల మీకు ఆ సంగతి చెబుతాను. చివర ఒక చిన్న లెక్క కూడా ఉంది. లెక్క అనగానే పేజీ తిప్పేయకండి. అది రొట్టెల లెక్క!

మా ఇల్లు హైదరాబాదు పాతనగరంలో, సైదాబాదులో ఉంది. మా సందులో ఒక ఇంట తెలుగు మాట్లాడతారు, పక్క ఇంట ఉర్దూ మాట్లాడతారు. పిల్లలు మాత్రం రెండూ కలిపి మాట్లాడతారు. సెలవులకు మా మనవడూ మనవరాలూ వచ్చారు. మనవడు ఏడో తరగతి, మనవరాలు నాలుగో తరగతి. పక్కింటి కుర్రవాడు మా మనవడి ఈడువాడే. వాడు మా ఇంట్లోనే ఎక్కువసేపు ఉంటాడు.

మొదటి రెండు రోజులూ ఎవరి ఫోను వాళ్ళు పట్టుకుని, చెవుల్లో గొట్టాలు పెట్టుకుని, ఎవరికి వాళ్ళే నవ్వుకుంటూ కూర్చున్నారు. మూడోరోజు మా కోడలు ఒక షరతు పెట్టింది. రాత్రి భోజనాలయ్యాక అందరూ ముందుగదిలో చేరాలి, పెద్ద టీవీలో ఒకే బొమ్మ చూడాలి. పిల్లలు ఒప్పుకున్నారు గాని, వాళ్ళూ ఒక షరతు పెట్టారు.

"తాతా, నువ్వు ముప్పై ఆరేండ్లు బడిలో మార్కులు వేసినవ్ గదా! సినిమాలకు గూడ వెయ్యాలె. అయిదుకెన్నో చెప్పాలె" అన్నాడు మనవడు.

నాకూ సరదా పుట్టింది. బీరువాలోంచి వాడని రిజిస్టరు ఒకటి తీశాను. ఎర్ర సిరా కలం వెతికి పట్టుకున్నాను. మళ్ళీ బడికి వెళ్ళినంత సంతోషం వేసింది.

మొదటి రాత్రి మనవడు కోరినట్టు "కల్కి 2898 ఏడీ" పెట్టారు. ఇది 2024లో వచ్చిన చిత్రం. నాగ్ అశ్విన్ దర్శకుడు. కురుక్షేత్ర యుద్ధం చివర అశ్వత్థామకు శాపం తగలటంతో కథ మొదలవుతుంది. ఆ తరవాత వేల ఏళ్ళు దాటి, గంగ ఎండిపోయిన కాశీకి వెళుతుంది. బొమ్మ నిడివి మూడు గంటలు. చప్పుడు చాలా ఎక్కువ. అయినా అంత చప్పుడులోనూ నాకు నిద్ర పట్టింది! దీపాలు వెలిగించగానే లేచి, కలం తీసి, అయిదుకు రెండు వేశాను.

మనవడి మొహం చిన్నబోయింది. "ఎందుకు తాతా?" అన్నాడు.

"గోల ఎక్కువ. పొడుగెక్కువ. కథ సగంలో ఆగింది" అన్నాను.

"నువ్వు నడుమల పండుకున్నవ్ గదా! పండుకున్నోడు మార్కులెట్ల వేస్తడు?"

ఇంట్లో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను గాని, లోపల సిగ్గుపడ్డాను. పరీక్ష కాగితం సగం చదివి మార్కులు వేసిన మాష్టారిని మీరేమంటారు?

మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ, "నేను నిద్రపోయినప్పుడు ఏమేం జరిగిందో చెప్పు" అని అడిగాను. వాడు గంటసేపు చెప్పాడు. అందులో బుజ్జి అనే మాట్లాడే బండి ఉంది. అది అంతా బొమ్మల మాయ అనుకున్నాను నేను. కాదట. నిజంగా నడిచే బండినే తయారుచేశారు. దాని బరువు సుమారు ఆరు టన్నులు. అనగా ఒక పెద్ద ఏనుగంత! ఆ తరవాత వాడొక చక్కటి ప్రశ్న వేశాడు.

"తాతా, 2898 అనే ఎందుకు పెట్టిన్రో తెల్సా?"

నాకు తెలియలేదు. వాడే చెప్పాడు. మన పంచాంగాల లెక్కన కలియుగం క్రీస్తు పూర్వం 3102లో మొదలయింది. ఆ 3102కు ఈ 2898 కలిపితే సరిగ్గా 6000. అందుచేత కథ ఆరు వేల ఏళ్ళ పొడుగున నడుస్తుందన్నమాట. ఇంత లెక్క ఆ పేరులోనే ఉంటే, లెక్కల మాష్టారినైన నేను గమనించనే లేదు!

అయితే నేను కూడా వాడికొక సంగతి చెప్పాను. మనం వాడే ఈ శకంలో సున్నా సంవత్సరం లేదు. క్రీస్తు పూర్వం 1 దాటగానే క్రీస్తు శకం 1 వస్తుంది. ఈ రెండు సంవత్సరాల మధ్య దూరం రెండు కాదు, ఒకటే. గనక 3102కు 2898 కలిపి, ఒకటి తీసివేయాలి. అప్పుడు వచ్చేది 5999. ఒక్క ఏడు తక్కువ! ఇది సినిమా తీసినవారి తప్పు కాదు, శకం లెక్క మొదలుపెట్టినవారు సున్నాను వదిలేశారు, అంతే. మనవడు కాగితం మీద గీసి చూసుకుని చాలా సంతోషించాడు.

తరవాత ఇంకో సంగతి తెలిసింది. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట 2025లో ఇచ్చిన చలనచిత్ర పురస్కారాలలో, 2024 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా ఈ "కల్కి"నే ఎంచారు. నేను వేసింది అయిదుకు రెండు! ఇప్పటికీ చెబుతున్నాను, నాకు అందులో పోరాటాలు ఎక్కువనిపించాయి. అది నా అభిప్రాయం. దానికి కారణం చెప్పగలను. కాని ఆ "రెండు" మాత్రం అభిప్రాయం కాదు. అది నా నిద్రమత్తు.

రెండో రాత్రి నా వంతు. నేను "మాయాబజార్" పెట్టించాను. అది 1957లో విజయా వారు తీసిన చిత్రం. కె.వి. రెడ్డి దర్శకుడు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. దీనికి రంగులు అద్ది 2010లో మళ్ళీ విడుదల చేశారు. ఆ రంగులద్దిన పని మన హైదరాబాదులోని సంస్థే చేసింది. నేను మాత్రం నలుపు తెలుపు ప్రతినే చూపించాను.

బొమ్మ మొదలై పది నిమిషాలు కాకముందే మనవడు, "రంగుల్లేవు. మూడు మార్కులు" అన్నాడు.

నాకు చురుక్కుమంది! చిన్నప్పటి నుంచీ నేను ప్రేమించిన చిత్రం అది. ముందురోజు రాత్రి వాడికెట్లా అనిపించిందో నాకు అప్పుడు అర్థమయింది. అయినా ఏమీ అనలేదు. చూడనిచ్చాను.

పక్కింటి కుర్రవాడికి తెలుగు అంతంతమాత్రం. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించే ఘట్టం వచ్చింది. సావిత్రి అప్పటిదాకా సుకుమారంగా నడిచిన మనిషి. ఒక్కసారిగా ఛాతీ విరుచుకుని, రాక్షసుడిలా అడుగులు వేస్తుంది. ఆ కుర్రవాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. వాడికి ఒక్క మాట కూడా అనువదించి చెప్పవలసిన పని లేకపోయింది. నటన అంటే ఏమిటో ఆ నవ్వే చెప్పింది.

ఇక నాలుగో తరగతి చదివే మనవరాలు బొమ్మ అయిపోయాక కళ్ళు నులుముకుంటూ అడిగింది. "తాతా, ఇందులో పాండవులు ఏరి?"

పిల్లలూ, నేను ఆ చిత్రం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఎవరైనా అడిగితే అందులో పాండవులున్నారనే చెప్పేవాణ్ణి. నిజానికి అందులో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు! వాళ్ళ కొడుకులు ఉంటారు, సుభద్ర ఉంటుంది, కృష్ణుడు ఉంటాడు, కౌరవులు ఉంటారు. పాండవులను గురించి మాట్లాడుకుంటారు. వాళ్ళు మాత్రం తెరమీదికి రారు. అయినా మనకు ఏ లోటూ తోచదు. కథ అంత నేర్పుగా అల్లారు. పదిసార్లు చూసిన తాతకు కనబడనిది, మొదటిసారి చూసిన మనవరాలికి కనబడింది.

మనవడు తన మూడు మార్కులు వెనక్కి తీసుకున్నాడు. "ఎన్ని వెయ్యాల్నో తెలుస్తలేదు తాతా" అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది.

మూడో రాత్రి మా కోడలు "35 చిన్న కథ కాదు" పెట్టింది. ఇది కూడా 2024లోనే వచ్చింది. నందకిశోర్ ఈమాని దర్శకుడు. కథ తిరుపతిలో జరుగుతుంది. అరుణ్ అనే కుర్రవాడికి లెక్కలు రావు. రావు అనటం కంటే, లెక్కలు అతడికి నచ్చజెప్పలేకపోయాయి అనటం నయం. అతడికి ఒక సందేహం ఉంది. సున్నాకు విలువ లేదంటారు గదా, మరి ఒకటి పక్కన సున్నా పెడితే తొమ్మిది కంటే ఎట్లా పెద్దదవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరక్క అతడు అక్కడే ఆగిపోతాడు. తరగతిలో "జీరో" అన్న పేరు పడుతుంది. పదో తరగతి గట్టెక్కని తల్లి సరస్వతి, కొడుకు కోసం తాను మళ్ళీ లెక్కలు నేర్చుకోవటానికి కూర్చుంటుంది. ఆ తల్లిగా నటించిన నివేదా థామస్‌కు గద్దర్ పురస్కారాలలో ఉత్తమనటి బహుమతి వచ్చింది. కుర్రవాడికి చివరకు 35 మార్కులు వస్తాయో రావో నేను చెప్పను. మీరే చూడండి.

ముందు ఆ కుర్రవాడి ప్రశ్నకు జవాబు చూద్దాం. మీరు సిటీ బస్సు ఎక్కినప్పుడు చూసే ఉంటారు. కిటికీలోంచి ఎవరో దస్తీ విసిరి సీటు పట్టుకుంటారు. ఆ సీటులో మనిషి లేడు. ఖాళీయే. కాని దస్తీ ఉన్నది గనక పక్కవాడు అందులోకి జరగలేడు, తన చోటే తాను కూర్చోవాలి. సున్నా ఆ దస్తీ వంటిది! ఒకట్ల స్థానంలో ఎవరూ లేరు, అయినా ఆ చోటు ఉన్నదని సున్నా చెబుతుంది. అందుచేత "1" పదుల స్థానంలోనే కూర్చుంటుంది, దాని విలువ పది అవుతుంది. దస్తీ తీసేస్తే ఒకటి మళ్ళీ ఒకట్ల స్థానంలోకి జారిపోతుంది. పెద్దదయింది సున్నా కాదు, ఒకటి కూర్చున్న చోటు. ఈ సున్నాతో కూడికలు, తీసివేతలు, గుణకారాలు ఎట్లా చేయాలో క్రీస్తు శకం 628లో బ్రహ్మగుప్తుడు "బ్రహ్మస్ఫుటసిద్ధాంతం"లో సూత్రాలు రాసి పెట్టాడు. అంతటి పండితులు తలలు బద్దలు కొట్టుకున్న విషయాన్ని ఒక కుర్రవాడు అడిగితే, అది తెలివితక్కువ ప్రశ్న ఎట్లా అవుతుంది?

బొమ్మ అయిపోయింది. "తాతా, మార్కులు!" అన్నారు పిల్లలు. నేను కలం తీశాను గాని చెయ్యి కదలలేదు. లేచి వెళ్ళి పడుకున్నాను. నిద్ర రాలేదు. ఎందుచేతనో మీకు చెబుతాను.

ఇది ముప్పై ఏళ్ళ కిందటి మాట. ఒక బడిలో ఆరో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. ఆరును సగంతో భాగించమని బోర్డు మీద రాశాను. "సగాన్ని తలకిందులు చేసి గుణించాలి. జవాబు పన్నెండు" అన్నాను. వెనక బల్లమీది కుర్రవాడు లేచి నిలబడ్డాడు.

"సార్, భాగిస్తే తక్కువ కావాలె గదా! ఆరు పన్నెండెట్లయితది?"

నాకు జవాబు తెలియక కాదు. గంట కొట్టేలోపల పాఠం అయిపోవాలన్న తొందర. "అది సూత్రం. రాసుకో. కూర్చో!" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. తరగతి అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఆపగలిగినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే.

ఆ కుర్రవాడు మళ్ళీ చెయ్యి ఎత్తలేదు. అర్ధ సంవత్సరం పరీక్షలో భిన్నాల లెక్కలన్నీ వదిలేశాడు. నేను ఎర్ర సిరాతో పెద్ద సున్నా వేసి, కాగితం తరగతికి చూపించి మరీ ఇచ్చాను. మరుసటి ఏడు అతడు ఆ బడిలో లేడు. ఎక్కడికి వెళ్ళాడో నేను అడగలేదు.

సరస్వతి కొడుకు పక్కన కూర్చుని లెక్క చేస్తుంటే నాకు ఆ కుర్రవాడే కనబడ్డాడు. ఆనాటి సున్నా నిజానికి ఎవరికి రావాలి? అడిగినవాడికా, జవాబు చెప్పనివాడికా?

నాలుగో రాత్రి "90's ఏ మిడిల్ క్లాస్ బయోపిక్" మొదలుపెట్టాం. ఇది సినిమా కాదు, ఆరు భాగాల సీరీస్. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చింది. ఆదిత్య హాసన్ దర్శకుడు. ఒక లెక్కల మాష్టారు, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు, ఖర్చు చూసి చూసి పెట్టుకునే సంసారం, ఇదీ కథ. మాష్టారుగా శివాజీ, భార్యగా వాసుకి నటించారు.

అందులో ఉప్మా చూసి పిల్లలు విసుక్కునే ఘట్టం ఉంది. మా పిల్లలు పడీ పడీ నవ్వారు. మా కోడలు, "మామయ్యా, ఆయన అచ్చం మీలాగే ఉన్నారు!" అని నవ్వింది. మా అబ్బాయి మాత్రం నవ్వలేదు. వాడు ఆ రోజుల్లోనే పెరిగినవాడు. కాసేపయ్యాక, "నాన్నా, మన ఇంట్లో గూడ మార్కుల కాగితం వచ్చిన రోజు ఎవ్వరం మాట్లాడకపోతుంటిమి" అన్నాడు. అంతే అన్నాడు.

చూశారా! ఒకే ఘట్టం, ఒకే గది. పిల్లలకు నవ్వు వచ్చింది, కోడలికి సరదా వేసింది, కొడుక్కి పాత బాధ గుర్తుకు వచ్చింది. వీరిలో ఎవరు తప్పు చూశారు? ఎవరూ కాదు. బొమ్మ తెరమీద ఒకటే. దాన్ని చూసే మనుషుల వెనక వేరువేరు జీవితాలున్నాయి. నా అభిప్రాయం అడిగితే, సీరీస్ నిజాయితీగా ఉంది. ఇంట్లో మాటలు ఇంట్లో మాటల్లాగే ఉన్నాయి. అయితే ఆ తండ్రిమీద కథకుడు కొంచెం ఎక్కువ దయ చూపించాడని నాకు తోచింది. ఆ తండ్రి ఎట్లాంటివాడో నాకు బాగా తెలుసు గనక ఆ మాట అంటున్నాను.

అయిదో రాత్రి నవ్వుల కార్యక్రమాలు. ఈ రోజుల్లో ఒకే మనిషి మైకు పట్టుకుని వేదిక ఎక్కి, గంటసేపు మాట్లాడి నవ్విస్తాడు. దీన్ని స్టాండప్ అంటారు. ఇది పూర్తిగా కొత్త విద్య అనుకోకండి. మన హరిదాసు కథ మధ్యలో పిట్టకథ చెప్పి సభను నవ్వించేవాడు. మన వరంగల్లుకు చెందిన నేరెళ్ళ వేణుమాధవ్ (1932–2018) ఒక్క గొంతుతో ఎందరి గొంతులో పలికించేవారు. 1971లో ఐక్యరాజ్యసమితిలో కూడా ప్రదర్శన ఇచ్చారు. ఒక్క మనిషీ, ఒక్క మైకూ, అంతే!

ఇక్కడ మీకొక జాగ్రత్త చెప్పాలి. ఈ కార్యక్రమాలు అన్నీ పిల్లలకోసం చేసినవి కావు. ఇంట్లో చూసే బొమ్మలకు 7, 13, 16 అని వయసు అంకెలు వేయాలని 2021లో మన దేశంలో నిబంధన వచ్చింది. పెద్దలకు మాత్రమే అయితే "ఎ" అని వేస్తారు. బొమ్మ మొదట్లో ఆ అంకె తెరమీద మూల కనిపిస్తుంది. దాన్ని చూసి, పెద్దలను అడిగి, అప్పుడు చూడండి. మా ఇంట్లో ముందు నేనూ మా అబ్బాయీ చూసి, పిల్లలకు పనికివచ్చేవి ఏరి పెట్టాం.

మా పాతనగరం మీద తీసిన నవ్వుల చిత్రం ఒకటుంది. సుమారు ఇరవై ఏళ్ళ కిందట వచ్చిన "ది అంగ్రేజ్." మాటలు ఎక్కువగా హైదరాబాదీ ఉర్దూ. చార్మినారు దగ్గర కూర్చుని గొప్పలు చెప్పుకునే కొందరు కుర్రవాళ్ళ కథ. మాటలు కొన్నిచోట్ల మొరటు గనక కొన్ని ముక్కలే చూశాం. ఆ రాత్రి పక్కింటి పెద్దాయన, ఆయన కూతురు కూడా వచ్చి కూర్చున్నారు. పెద్దాయన కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "మా బస్తీలో అచ్చంగా ఇట్లనే మాట్లాడుకుంటం మాస్టర్‌సాబ్! మా మాటను తెరమీద విన్నందుకే నాకు ఖుషీ" అన్నాడు. కూతురు మాత్రం, "పాతబస్తీ అంటే పనిలేక గొప్పలు కొట్టుకునేవాళ్ళేనా? చదువుకునేవాళ్ళం, కొలువులు చేసేవాళ్ళం మేము కనబడమా?" అన్నది.

ఇద్దరూ కారణం చెప్పారు. ఇద్దరి కారణమూ మంచిదే. నేను ఇద్దరికీ తల ఊపాను. దానికి అయిదుకెన్ని మార్కులు వేయమంటారు?

ఆమె మాట మీద నాకు ఇంకో సంగతి గుర్తుకు వచ్చింది. పాత తెలుగు సినిమాలలో మా తెలంగాణ మాట చాలాసార్లు రౌడీల నోటనో, నవ్వించేవాళ్ళ నోటనో వినబడేది. మేము కూడా హాల్లో కూర్చుని నవ్వేవాళ్ళం. ఇంటికి వచ్చి మా అమ్మ మాట్లాడితే, అదే మాట! ఇక 2023లో వేణు యెల్దండి తీసిన "బలగం" చూడండి. అందులో తాత, కొడుకులు, కూతురు, మనవడు, ఊరు మొత్తం ఆ మాటే మాట్లాడతారు. ఎవరూ దాన్ని చూసి నవ్వలేదు. ఊళ్ళల్లో జనం తెరలు కట్టుకుని, అందరూ కలిసి చూసి ఏడ్చారు. మాట మారలేదు, దాన్ని ఎవరి నోట పెట్టారన్నదే మారింది.

అందుచేత నవ్వు వచ్చినప్పుడల్లా ఒక్క ప్రశ్న వేసుకోండి. "ఇప్పుడు నేను ఎవరిని చూసి నవ్వుతున్నాను?" తనమీద తానే వేసుకున్న హాస్యం అయితే హాయిగా నవ్వండి. ఘటోత్కచుడి మాయకు నవ్వండి. కాని నత్తివాడి నత్తినో, నల్లనివాడి రంగునో, ఒకరి యాసనో చూపించి నవ్వమంటే మాత్రం కాస్త ఆగండి. నవ్వు కూడా ఒక రకమైన మార్కే. నా తరగతి ఆనాడు ఆ కుర్రవాడికి వేసిన మార్కు అదే.

సెలవులు అయిపోయే రోజున పిల్లలు రిజిస్టరు తెచ్చారు. నేను మార్కుల గడులన్నీ కొట్టేశాను. వాటి చోట మూడు గడులు గీశాను. ఏం చూశాను? ఏమనిపించింది? ఎందుకనిపించింది? అంతే. మొదటి గడి నింపాలంటే నిద్రపోకుండా చూడాలి. రెండో గడి నింపాలంటే నిజం చెప్పాలి. మూడో గడి నింపాలంటే ఆలోచించాలి. అంకె వేయటానికి ఈ మూడింటిలో ఒక్కటీ అక్కర్లేదు. అందుకే అంకె అంత సులభం.

మనవరాలు మొదటి వరుస నింపింది. "మాయాబజార్. పాండవులు లేరు. లేకపోయినా బాగుంది. ఎందుకంటే ఘటోత్కచుడు ఉన్నాడు." ఇంతకంటే మంచి సమీక్ష నేను పత్రికల్లో ఎక్కువగా చదవలేదు!

మీరు కూడా ఈ నెల చూసిన బొమ్మకు ఈ మూడు గడులూ నింపి చూడండి. మీ అన్నయ్యదీ మీదీ వేరుగా ఉంటే కొట్టుకోకండి, ఎందుకో అడగండి.

ఇక రొట్టెల లెక్క. ఇది మీ అందరికోసమూ, ముఖ్యంగా ఒకరి కోసమూ. ఆనాటి నా విద్యార్థికి ఇప్పుడు నలభై దాటి ఉంటుంది. అతని పిల్లలో, అతని బంధువుల పిల్లలో ఈ పేజీ చదవవచ్చు. మీ ఇంట్లో పెద్దలెవరైనా, "చిన్నప్పుడు లెక్కల సారును ఒక ప్రశ్న అడిగితే కూర్చోమన్నాడు" అని చెప్పి ఉంటే, ఈ జవాబు వారికి చదివి వినిపించండి.

భాగించటం అంటే చిన్నది చేయటం కాదు. "ఇందులో అది ఎన్నిసార్లు ఉంది?" అని అడగటం. ఆరు రొట్టెలున్నాయి. మనిషికి రెండేసి పెడితే ఎంతమందికి వస్తాయి? ముగ్గురికి. ఒక్కొక్కటి పెడితే ఆరుగురికి. మరి సగం సగం పెడితే? ఒక్కొక్క రొట్టె ఇద్దరికి వస్తుంది, కనుక ఆరు రొట్టెలు పన్నెండుమందికి వస్తాయి. పెట్టే ముక్క చిన్నదయిన కొద్దీ తినేవాళ్ళ సంఖ్య పెరుగుతుంది. అందుకే సగంతో భాగించటమూ, రెండుతో గుణించటమూ ఒకటే అయ్యాయి. రొట్టెలు ఆరే, అవి పెరగలేదు. పన్నెండు అయినవి ముక్కలు. పావుతో భాగిస్తే ఎంతవుతుందో మీరే చెప్పండి.

బాబూ, నీ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. జవాబు ఇవ్వటానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.

మీ మాష్టారు